ఆమ్లమునకు తగిన పాత్ర: కోయంబత్తూరు, మధుర తెలుగువారి వృత్తులలో ప్లాస్టిక్కుల పరీక్ష

ఉపోద్ఘాతము

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని ప్రాచీన తెలుగు కుటుంబములను గూర్చి వ్రాయునపుడు నాయకరాజులతో ఆరంభించుట పరిపాటి. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో రాజ్యము స్థాపించుట, తిరుమల నాయకుడు 1623 మొదలు 1659 వరకు పాలించుట, 1736లో ఆ వంశపు పాలన అంతరించుట మనమందరము చదివినదే. ఈ వ్యాసము రాజులను గూర్చినది కాదు. ఆ రాజుల వెంటను, వారికి ముందు వెనుకలను ఈ సీమకు వచ్చి, నల్లరేగడి నేలలో ప్రత్తి పండించి, లోతైన బావులు త్రవ్వి, మగ్గము నేసి, నూలునకు రంగు వేసి, బంగారము కరగించి, తుదకు మిల్లులను, యంత్రశాలలను నెలకొల్పిన జనుల పనిముట్లలో ఒక్కదానిని గూర్చినది. ఆ పనిముట్టు పాత్ర. ఆ పాత్రయందుండునది ఆమ్లము.

ఆమ్లమును పట్టియుంచు పాత్ర సరియైనది కానిచో చెడునది పాత్ర మాత్రమే కాదు. చేయి కాలును, కన్ను పోవును. ఒక్కొక్కప్పుడు ఇంటి పసివాని గొంతు కాలును. నేడు ఆ పాత్ర చాలచోట్ల ప్లాస్టిక్కుతో చేసినదై యున్నది. ప్లాస్టిక్కును ఆమ్లము తినదు అను నమ్మకము మన కార్ఖానాలలోను, ఇండ్లలోను బలముగా నాటుకొని యున్నది. ఈ నమ్మకము సగము నిజము. మిగిలిన సగము తెలియకపోవుటచేతనే కీడు కలుగుచున్నది. ఆ మిగిలిన సగమును సాధ్యమైనంత సులభముగా వివరించుటయే ఇచటి ఉద్దేశము.

వంటింటి పాఠము

ఈ శాస్త్రమునకు మొదటి పాఠము మన వంటిండ్లలోనే కలదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లము, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లము, పెరుగులోను పులిసిన పిండిలోను లాక్టిక్ ఆమ్లము ఉన్నవి. ఈ పేర్లు మన అవ్వలకు తెలియవు. కాని కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని వారికి చక్కగా తెలియును. పులుపు తగిలిన ఇత్తడి చిలుము పట్టును, చిలుము విషము. అందుచేతనే కళాయివాడు వీధిలోనికి వచ్చినపుడు గిన్నెలకు లోపల తగరపు పూత వేయించుకొనెడివారు. ఊరగాయను రాగి బిందెలో గాని ఇనుప డబ్బాలో గాని పెట్టక జాడీలోనే పెట్టిరి. జాడీ లోపలి మెరుగు గాజువంటిది. ఉప్పునకు, పులుపునకు, నూనెకు అది చలింపదు.

ఇందులో గమనింపవలసిన విషయ మొకటి కలదు. మన పెద్దలు “ఈ పాత్ర మంచిది, ఆ పాత్ర చెడ్డది” అని ఎన్నడును అనలేదు. ఇత్తడి బిందె నీటికి మంచిది, పులుసునకు చెడ్డది. జాడీ ఊరగాయకు మంచిది, పొయ్యిమీదికి పనికిరాదు. దేనిలో ఏది, వేడియా చల్లనా, ఎన్నాళ్లు అనునవియే వారి ప్రశ్నలు. ప్లాస్టిక్కు వచ్చిన తరువాత మనము ఈ ప్రశ్నలను మరచితిమి.

ఆమ్లము అవసరమైన వృత్తులు

కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు 1888లో వెలసెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిరి. 1932లో పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినపిదప మిల్లుల సంఖ్య వేగముగా పెరిగెను. మిల్లులకు యంత్రభాగములు కావలెను, రైతుల బావులకు నీరు తోడు పంపులు కావలెను. 1937లో జి. డి. నాయుడుగారు, డి. బాలసుందరము నాయుడుగారు కలిసి దేశీయమైన విద్యుత్ మోటారును తయారు చేసిరి. ఆ మార్గముననే పోతకార్ఖానాలు, పంపుల కర్మాగారములు, తరువాత పిండి రుబ్బు గ్రైండర్ల పరిశ్రమ ఈ నగరమున వ్యాపించెను. ఈ అభివృద్ధిలో తెలుగు కుటుంబముల పాత్ర సర్వవిదితము.

ఈ వృత్తులన్నిటియందును ఆమ్లము పని యొకటి దాగి యున్నది. ఇనుప భాగమునకు పూత వేయుటకు ముందు దాని తుప్పును ఉదహరికామ్లములో, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ముంచి విడిపింతురు. మెరుగు పూతకు క్రోమికామ్లపు తొట్టి కావలెను. కంసాలి బంగారమును శుద్ధి చేయుటకు నత్రికామ్లమును, నత్రికామ్లము ఒక పాలు, ఉదహరికామ్లము మూడు పాళ్లు కలిపిన ద్రవరాజమును వాడును. నూలునకు నాఫ్తాల్ రంగు వేయుచోట ఉదహరికామ్లము, రియాక్టివ్ రంగుల పిదప మిగిలిన క్షారమును పోగొట్టుటకు ఎసిటిక్ ఆమ్లము అవసరము. బస్సునకు, కారునకు, ఇంటిలోని ఇన్వర్టరునకు ఉన్న బ్యాటరీలో గంధకికామ్లము, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లము కలదు. ఇట్లు ఆమ్లముతో సంబంధము లేని వీధి ఈ నగరములలో అరుదు.

పూర్వపు పాత్రలు, నూతన పదార్థములు

ప్లాస్టిక్కులకు పూర్వము ఆమ్లములను గడ్డి చుట్టిన పెద్ద గాజు బుడ్లలోను, మెరుగు పెట్టిన పింగాణి జాడీలలోను నిలువ చేసెడివారు. గంధకికామ్లపు తొట్లకు లోపల సీసపు రేకు తాపెడివారు. బ్యాటరీ పెట్టెలు ఎబొనైటు అను గట్టి రబ్బరుతో చేయబడెడివి. గాజు పగులును, పింగాణి బరువు, సీసము విషము, ఎబొనైటు పెళుసు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క లోపము.

ఇరువదవ శతాబ్దమున పరిస్థితి మారెను. 1907లో బేకలైటు వచ్చెను. 1926లో పి.వి.సి.ని మెత్తపరచు మార్గము తెలిసెను. 1933లో ఇంగ్లండునందలి ఐ.సి.ఐ. సంస్థ పరిశోధకులు అత్యధికమైన ఒత్తిడియందు వాయువులను పరీక్షించుచుండగా, తలవని తలంపుగా, మైనమువంటి తెల్లని పదార్థము పాత్రలో మిగిలెను, అదియే పాలిథీను. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను యువ రసాయనికుడు, వాయువుండవలసిన సిలిండరునుండి వాయువు రాకపోగా దానిని కోసి చూచి, లోపల తెల్లని పొడిని కనుగొనెను. నేడు టెఫ్లానని పిలుచునది అదియే. 1953లో కార్ల్ జీగ్లరు తక్కువ ఒత్తిడియందు గట్టి పాలిథీనును చేయు మార్గమును, 1954లో జూలియో నట్టా పాలీప్రొపిలీనును సాధించిరి. వీరిరువురకు 1963లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ పదార్థములు మన ప్రాంతమునకు దూరమున నిలువలేదు. కావేరి తీరమున మేట్టూరులో 1967లో కెంప్లాస్ట్ సంస్థ పి.వి.సి. తయారీని ఆరంభించెను. తెలుగుదేశమున తిరుపతి సమీపమునందలి కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్ర నాయుడుగారు అమరరాజా బ్యాటరీల సంస్థను స్థాపించిరి. నేటి వాహనపు బ్యాటరీ పెట్టె సాధారణముగా పాలీప్రొపిలీనుతో చేసినదే. ఒకప్పటి ఎబొనైటు పెట్టె దాదాపు కనుమరుగయ్యెను.

ప్లాస్టిక్కు ఆమ్లమునకు ఏల నిలుచును?

ఇనుముపై ఆమ్లము పడినపుడు ఇనుపపు పరమాణువులు తమ ఎలక్ట్రానులను ఆమ్లమున కిచ్చి, తాము ద్రవములో కరగిపోవును; ఉదజని బుడగలై పైకి వచ్చును. పాలిథీనులో ఇట్టి వ్యవహారమునకు తావు లేదు. అది కర్బన పరమాణువుల పొడవైన గొలుసు. ఒక్కొక్క కర్బనమునకు ఉదజని గట్టిగా అంటియుండును. ఆమ్లము పట్టుకొని లాగుటకు అందులో కొక్కెమువంటి భాగ మేదియు లేదు. పైగా ఆమ్లము నీటితో కూడినది. పాలిథీను మైనమువలె నీటిని దరిచేరనీయదు. తామరాకుపై నీటి బొట్టువలె ఆమ్లము దానిపై నిలుచును.

టెఫ్లానులో ఉదజని స్థానమున ఫ్లోరిను ఉండును. కర్బనమునకు ఫ్లోరినునకు గల బంధము మిక్కిలి బలమైనది. ఫ్లోరిను పరమాణువులు గొలుసును అన్ని వైపుల కవచమువలె కప్పియుండును. అందుచేత మరుగుచున్న ద్రవరాజము సైతము దానిని ఏమియు చేయజాలదు. తెలంగాణములోని రుద్రారమునందు హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ అను ప్రభుత్వరంగ సంస్థ పూర్వము ఈ పదార్థమును తయారు చేసెడిది. 2020లో ఆ సంస్థను మూసివేయుటకు ప్రభుత్వము నిర్ణయించెను. టెఫ్లాను ధర ఎక్కువ. ఇతర ప్లాస్టిక్కులవలె కరగించి పోయుటకు లొంగదు. అందుచేత దానిని తొట్లుగా కాక లోపలి పూతగాను, గొట్టముల అతుకులలోని వాషరుగాను, కొళాయి మరలకు చుట్టు తెల్లని టేపుగాను చూచుచున్నాము.

నైలాను కథ వేరు. దాని గొలుసులో అమైడు బంధములు అను కీళ్లు కలవు. గాఢమైన ఖనిజామ్లము ఆ కీళ్లను ఒక్కొక్కటిగా విడదీయును. పత్తిబట్టను చింపలేని వాడు కుట్లు విప్పినట్లే ఇది జరుగును. ఆమ్లపు తొట్టిపై నైలాను త్రాటితో బరువు వ్రేలాడదీయుట, ఆమ్లపు పంపులో నైలాను చక్రము వేయుట ఇందుచేతనే ప్రమాదకరము. త్రాడు చూపునకు బాగుగానే యుండి ఒక దినమున తెగును. నీళ్ల సీసాలకు వాడు పెట్ అను ప్లాస్టిక్కునకు కూడ ఇట్టి కీళ్లే కలవు. గాఢ గంధకికామ్లము, గాఢ నత్రికామ్లము దానిని పాడు చేయును.

ఓటమి మూడు విధములు

పాత్ర ఆమ్లమునకు మూడు విధముల ఓడిపోవును. మొదటిది, పైన చెప్పిన రసాయనిక క్షయము. గొలుసులు తెగి పదార్థము పెళుసగును, రంగు మారును. గాఢ నత్రికామ్లము ఆమ్లజనిని గ్రుమ్మరించు స్వభావము గలది. అది పాలిథీనును సైతము కాలక్రమమున పసుపుపచ్చగా మార్చి పెళుసు చేయును. పాలీప్రొపిలీను గొలుసులో ఒక విధమైన ఉదజని సులభముగా ఊడివచ్చునదై యుండుటచేత అది ఈ విషయమున పాలిథీనుకంటెను బలహీనము.

రెండవది, ఊరుట, లోనికి ఇంకుట. ఉదహరికామ్లమును పాలిథీను క్యానులో నిశ్చింతగా నిలువ చేయవచ్చును. కాని దాని ఆవిరి గోడలగుండ మెల్లగా వెలుపలికి వచ్చును. క్యాను చెక్కు చెదరదు. ప్రక్కనున్న ఇనుప పనిముట్లు, తక్కెడ, తాళము తుప్పు పట్టును. తుప్పును చూచి గాలిలోని తేమను నిందించువారు పలువురు. ఆ గదిలో కూర్చుండి పనిచేయువాని ఊపిరితిత్తులలోనికి పోవునదియు ఆ ఆవిరియే.

మూడవది, ఒత్తిడివలన పగులుట. వంచి బిగించిన గొట్టము, మరతో గట్టిగా పట్టించిన అతుకు, బరువు మోయు పిడి, అచ్చులో రెండు ధారలు కలిసిన గీత ఇవి ముందుగా బీటలు వారును. అదే ద్రవములో ఏ ఒత్తిడియు లేక పడియున్న ముక్క సంవత్సరములకొలది నిలువవచ్చును. ఎండ దీనికి తోడగును. మిద్దెపై ఎండలో నుంచిన క్యాను గోడ లోపలినుండి ఆమ్లముచేత కాక పై నుండి సూర్యకాంతిచేత పెళుసై, ఎత్తిననాడు పిడి ఊడి చేతిలోనికి వచ్చును.

నాలుగు ప్రశ్నలు

కావున “ఈ ప్లాస్టిక్కు ఆమ్లమునకు నిలుచునా?” అను ప్రశ్నకు ఔననియు కాదనియు చెప్ప వీలులేదు. ఆ ఒక్క ప్రశ్నను నాలుగుగా విడదీసిననే జవాబు దొరకును.

ఏ ఆమ్లము? హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాజును కరగించును. అందుచేత దానిని గాజులో పెట్టక పాలిథీనులో నుంచుదురు. కంసాలి వాడు గాఢ నత్రికామ్లమునకు గాజు సీసాయే తగినది. ఒకనికి అమృతమైన పాత్ర మరియొకనికి పనికిరాదు. క్రోమికామ్లపు తొట్టి లోపల గట్టి పి.వి.సి. తాపుట వాడుక, అదే తొట్టికి పాలీప్రొపిలీను వేసినచో అంత కాలము మన్నదు.

ఎంత గాఢత? బ్యాటరీలోని గంధకికామ్లము బరువున నూటికి సుమారు 37 పాళ్లు, సాపేక్ష సాంద్రత 1.28. దానికి పాలీప్రొపిలీను చక్కగా నిలుచును. నూటికి 98 పాళ్ల గాఢ గంధకికామ్లము వేరు జాతి; అది నీటిని పీల్చుకొను గుణము గలది. చక్కెరపై పోసినచో బొగ్గగును. విచిత్రమేమనగా, చల్లని గాఢ గంధకికామ్లమును ఇనుప ట్యాంకులలో తరలింతురు; అందులో నీరు కలిసి పలుచనైనపుడే అది ఇనుమును వేగముగా తినును. గాఢత హెచ్చినకొలది అపాయము హెచ్చునను అభిప్రాయము అన్నివేళల సరికాదు.

ఎంత వేడి? రసాయనిక చర్యల వేగము ప్రతి పది డిగ్రీల వేడికి సుమారు రెట్టింపగునని స్థూలముగా చెప్పుదురు. గట్టి పి.వి.సి.కి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పని అప్పగింపరాదు. మధుర వేసవిలో రేకుల కొట్టములో నుంచిన క్యానును, కోయంబత్తూరు చలికాలపు చల్లని గదిలో నుంచిన క్యానును ఒక్కటిగా లెక్కింపరాదు. మరియొక వేడి మనమే పుట్టింతుము. గాఢ గంధకికామ్లమును నీటిలో కలుపునపుడు అత్యధికమైన వేడి పుట్టును. ప్లాస్టిక్ బక్కెటులో తొందరగా కలిపినచో బక్కెటు మెత్తబడి అడుగు జారును. ఆమ్లమునకు నిలిచిన పాత్ర వేడికి నిలువక పోయెనన్నమాట. ఎల్లప్పుడు నీటిలోనికి ఆమ్లమును కొంచెము కొంచెముగా పోయవలెను. ఆమ్లములోనికి నీటిని పోయరాదు.

ఎంత కాలము, ఎట్టి భారము? గరాటుగుండ ఒక్క నిమిషము జారునది వేరు, తొట్టిలో ఐదేండ్లు నిలుచునది వేరు. వ్యాపారి ఇచ్చు పట్టికలో “మంచిది” అని వ్రాసియున్నచో అది ఎన్ని దినముల పరీక్షకు మంచిదో అడుగవలెను.

వృత్తులవారీగా

కంసాలి పనియందు ప్లాస్టిక్కునకు పరిమితమైన స్థానమే కలదు. బంగారమును వెండినుండి వేరుచేయుటకు నత్రికామ్లమును వేడి చేయవలసి యుండును. మంటపైకి గాజు బీకరు గాని పింగాణి గాని తప్ప గత్యంతరము లేదు. అప్పుడు లేచు ఎఱ్ఱని గోధుమవన్నె పొగ నత్రజని ఆక్సైడు. అది ఊపిరితిత్తులకు విషము, దాని కీడు కొన్ని గంటల తరువాత కూడ బయటపడవచ్చును. ప్లాస్టిక్కు ఇచట చేయగల మేలు ఆ పొగను వెలుపలికి లాగు పి.వి.సి. గొట్టమగుట. చేతితొడుగు కూడ ఒక పాత్రయే. అది ఆమ్లమును లోపల కాక వెలుపల ఉంచును. పలుచని నైట్రైలు తొడుగును గాఢ నత్రికామ్లము త్వరలోనే పాడు చేయునని మన యువ కంసాలులు గుర్తింపవలెను. తొడుగు ఉన్నదను ధైర్యము, తొడుగు లేకపోవుటకంటె ఒక్కొక్కపుడు ఎక్కువ హాని చేయును.

పూత పనియందు తుప్పు విడిపించు తొట్టికి పాలీప్రొపిలీను, గట్టి పాలిథీను, గట్టి పి.వి.సి. మూడును తగినవే. కాని మెత్తని పి.వి.సి. గొట్టమును శాశ్వతముగా అమర్చరాదు. దానిని మెత్తగా ఉంచు నూనెవంటి పదార్థము క్రమముగా బయటికి పోవును. గొట్టము బిగుసుకొని, అతుకువద్ద పగులును.

అద్దకపు పనియందు ప్రశ్న ఒక్క పాత్రతో ముగియదు. తిరుప్పూరు, 2009 వరకు కోయంబత్తూరు జిల్లాలోనిదే. అచటి చలువ, అద్దకపు కార్ఖానాల మురుగు నొయ్యలు నదిని చెరచెను. రైతుల బావులు ఉప్పుబారెను. మద్రాసు ఉన్నత న్యాయస్థానము 2011లో మురుగును శుద్ధి చేయని అద్దకపు కార్ఖానాలను మూయవలసినదిగా ఆజ్ఞాపించెను. ఒక్క చుక్కయు నదికి విడువని శుద్ధిపద్ధతి తప్పనిసరి యయ్యెను. ఆ శుద్ధిశాలలలో ఉప్పును, ఆమ్లమును, క్షారమును వెంటవెంటనే మోయునవి పాలిథీను, పి.వి.సి. గొట్టములును, గాజుపోగుల రెజిను తొట్లునే. ఇనుప గొట్టమైనచో కొలది కాలముననే చిల్లులు పడును. చెడిన గొట్టము కారిన ఆమ్లపు నీరు చివరకు చేరునది రైతు బావికే. ఆ రైతులలోను తెలుగువారు కలరు. పాత్ర పరీక్ష ఇట్లు మన పొలముల పరీక్షయు అగుచున్నది.

పేరు తెలిసికొనుట, పరీక్షించుట

ప్లాస్టిక్కు పేరు తెలియనిదే నాలుగు ప్రశ్నలకు జవాబు రాదు. పాత్ర అడుగున మూడు బాణముల త్రికోణములో ఒక అంకె యుండును. 1 అనగా పెట్, 2 గట్టి పాలిథీను, 3 పి.వి.సి., 4 మెత్తని పాలిథీను, 5 పాలీప్రొపిలీను, 6 పాలీస్టయిరీను. 7 అనగా ఇతరములు. ఆమ్లపు నిలువకు సామాన్యముగా 2, 5 అంకెలవానిని, గొట్టములకు 3 అంకెవానిని చూడవలెను. 1, 6 అంకెల పాత్రలను ఆ పనికి తలపెట్టరాదు. 7 అంకె ఏమియు చెప్పదు కనుక దానిని నమ్మరాదు.

అనుమానము కలిగినపుడు కార్ఖానాలోనే ఒక పరీక్ష చేయవచ్చును. అదే రకపు ప్లాస్టిక్కునుండి సమానమైన ముక్కలు కొన్ని కోసి, కంసాలి తక్కెడలో తూచి, మందము కొలిచి, వాడబోవు ఆమ్లములోనే, వాడబోవు వేడియందే, మూతగల గాజుపాత్రలో ఒక వారము నానవేయవలెను. ఒక ముక్కను వంచి కట్టి వేయవలెను. తరువాత కడిగి, ఆరబెట్టి, మరల తూచవలెను. బరువు పెరిగినచో ఆమ్లము లోని కింకినది. తగ్గినచో పదార్థము కరగినది. వంచినపుడు పగిలినచో గొలుసులు తెగినవి. అంతర్జాతీయ ప్రమాణములలోని పద్ధతియు మూలమున ఇంతియే. అధికారికమైన ఫలితము కావలసినవారికి, 1968లో చెన్నపట్టణమున ఏర్పడిన సిపెట్ సంస్థకు మధురలో కూడ శాఖ కలదు. వస్త్ర పరిశ్రమకు సంబంధించిన సలహాకు 1956నుండి కోయంబత్తూరులో దక్షిణభారత వస్త్రపరిశోధన సంఘము కలదు.

పాత క్యాను ప్రమాదము

ఇంతవరకు పాత్ర ఆమ్లమునకు ఓడుటను గూర్చి చెప్పితిమి. ప్లాస్టిక్కు మిక్కిలి బాగుగా నిలుచుటవలన కలుగు అపాయము మరియొకటి కలదు. ఆమ్లము వచ్చిన క్యాను చెడదు కనుక దానిని పారవేయుటకు మనసొప్పదు. నీటి ఎద్దడి గల ఈ ప్రాంతములలో దానిని కడిగి త్రాగునీటికి వాడుట కలదు. గోడలలో ఇంకిన ద్రవము కడిగినంతమాత్రమున పోదు. అంతకంటె ఘోరమైనది దీనికి విపర్యయము: త్రాగునీటి సీసాలో ఆమ్లమును పోసి అటకమీద పెట్టుట. పెట్ సీసా పలుచని ఆమ్లమునకు కొంతకాలము నిలుచును. ఆ నిలుచుటయే మోసము. లోపలి ద్రవము నీటివలె కనబడును. దాహముగొన్న బిడ్డ చేయి చాచును. ఇచట రసాయనశాస్త్రము చెప్పగలిగిన దొక్కటియే: నీళ్ల సీసాలో నీళ్లే యుండవలెను.

ఆమ్లముల చిల్లర అమ్మకమును గూర్చి 2013లో భారత అత్యున్నత న్యాయస్థానము కఠినమైన నిబంధనలు విధించెను. కొనువాని గుర్తింపు, కారణము నమోదు కావలెను. ఆ నిబంధనలు అంగడివరకే. ఇంటి అటకను కాపాడవలసినది మనమే. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళమైన నీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడుగవలెను. సున్నము గాని సోడా గాని రుద్దరాదు. మ్రింగినచో వాంతి చేయింపరాదు. నేరుగా వైద్యశాలకు తీసికొనిపోవలెను.

ముగింపు

మన సంఘము వారికి ఒక్క మనవి చేసి ముగింతును. కోయంబత్తూరు, మధురలలోని తెలుగువారిలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో తమిళమే చదివిరి. కార్ఖానాలోని ఆమ్లపు క్యానుపై ఇంగ్లీషు అక్షరములు చిన్నవిగా నుండును; పనివాడు చదువడు. ప్రతి క్యానుపై ఆమ్లము పేరు, గాఢత, పోసిన తేది, “త్రాగరాదు” అను మాట తమిళ, తెలుగు లిపులలో పెద్దగా వ్రాయించుటకు మన యువకులు, ముఖ్యముగా ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్నవారు, ఒక్క ఆదివారము వెచ్చించిన చాలును. ఇందులకు ధనము అక్కరలేదు. ఒక రంగు డబ్బా, ఒక కుంచె చాలును.

ఇత్తడికి కళాయి లేనిదే పులుసు పెట్టని అవ్వ, జాడీకి వాసెన కట్టనిదే ఊరగాయ పెట్టని అవ్వ, మన ఇండ్లలో నిన్నటివరకు ఉండిరి. పాత్ర మారెను, పులుపు పేరు మారెను. ఆమె ప్రశ్నలు మాత్రము నేటికిని అవియే: దేనిలో ఏది, ఎంత పులుపు, ఎంత వేడి, ఎన్నాళ్లు. ఆ నాలుగింటిని అడుగు అలవాటు మరల మన కార్ఖానాలకు వచ్చినచో ఈ వ్యాసము పని నెరవేరినట్లే.